అంబాసిడర్, పద్మిని కార్ల తుప్పు పనులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అంబాసిడర్ 1957 నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారైంది. పద్మిని ముంబయి కుర్లాలో తయారైంది, 1964లో ఫియట్ పేరుతో మొదలై తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. ఈ రెండింటికీ లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. వంచి అతికిన రేకులే ఇంజిన్‌నీ మనుషుల్నీ మోస్తాయి. అందుకే ఈ కార్లకు తుప్పు పడితే అందంతో పాటు బలం కూడా పోతుంది. కింది జవాబులన్నీ ఈ సంగతి దృష్టిలో పెట్టుకుని రాసినవి.

పైకి కారు బాగానే ఉంది. లోపల తుప్పు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడు వస్తువులు చాలు: పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం, పాత స్క్రూడ్రైవర్, టార్చిలైటు. అయస్కాంతం అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే మంచి రేకు ఠంగుమంటుంది, చచ్చిన రేకు మెత్తగా దిగిపోతుంది. కారు కొనేముందు ఇలా పొడవడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే, ధర మాట్లాడేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

మొదట చూడాల్సింది తలుపుల కింద పొడవునా ఉండే సిల్. ముఖ్యంగా దాని రెండు చివరలు. తర్వాత కార్పెట్ లేపి డ్రైవర్ కాళ్ళ దగ్గరి ఫ్లోర్, డిక్కీ అడుగు, వెనక కమాన్లు (పట్టీల స్ప్రింగులు) తగిలించే చోటు, ముందు మడ్‌గార్డ్‌లో హెడ్‌లైటు చుట్టూ, చక్రం వెనక బురద పేరుకునే మూల, అద్దాల బీడింగ్ కింది మూలలు. తలుపు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మట్టితో పూడిపోయి ఉంటే ఆ తలుపు లోపలినుంచి తినేసి ఉంటుందనే అనుకోండి.

ఇంకో పరీక్ష: కారు ఒక పక్కన జాకీ పెట్టి, చక్రం నేల వదిలేదాకా లేపి, ఆ పక్క ముందు తలుపు తెరిచి మూయండి. లేపకముందు బాగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తుంటే సిల్ వంగుతోందన్నమాట. అది వెల్డింగ్ పని, రంగుతో పోయేది కాదు.

రంగు కింద చిన్న బుడగ ఒక్కటే ఉంది. గీకి టచప్ చేస్తే సరిపోదా?

బుడగ రేకు మధ్యలో ఉండి, పైన గీత గానీ రాయి దెబ్బ గానీ కనిపిస్తే సరిపోతుంది. అంచు దగ్గరో జాయింటు దగ్గరో వచ్చిన బుడగ దాదాపు ఎప్పుడూ లోపలినుంచి వచ్చినదే. ఇనుము తుప్పు పడితే ముందున్న చోటుకంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రంగును లేపేది ఆ ఉబ్బే. మీకు కనిపించేది తుప్పు ప్రయాణంలో ఆఖరి మజిలీ. గీకినప్పుడు సూదిమొన అంత రంధ్రాలు బయటపడితే టచప్ ఆలోచన మానేసి లోపలి వైపు చూడండి.

ఏ భాగానికి ఏ పద్ధతి వాడాలి?

తుప్పు ఎంత ఉందన్నది తర్వాతి మాట. ఆ భాగం చేసే పనేమిటో ముందు చూడాలి.

నట్లు, బోల్టులు, బ్రాకెట్లు, తాళం భాగాలు, తలుపు బందుల్లాంటి చిన్న సామాను నిమ్మ ఉప్పు స్నానానికి సరిపోతుంది. మందపాటి ఉక్కు, పోత ఇనుము భాగాలకు ఎలక్ట్రాలసిస్ (సోడా నీళ్ళలో కరెంటు పంపి తుప్పు వదిలించడం) బాగా పనిచేస్తుంది. బానెట్, తలుపు లాంటి పెద్ద రేకులకు చేత్తో గీకడం, స్ట్రిప్ డిస్క్ (గ్రైండర్‌కు తగిలించే, రంగూ తుప్పూ గీకే చక్రం), ఫాస్ఫారిక్ యాసిడ్. చక్రాల రిమ్ములు, సస్పెన్షన్ చేతుల్లాంటివి బ్లాస్టింగ్‌కి (గాలి ఒత్తిడితో రేణువులు కొట్టి తుప్పు రాల్చడానికి) ఇవ్వవచ్చు. స్ప్రింగులకు, ఎక్కువ బలం కోసం గట్టిపరిచిన బోల్టులకు వైర్ బ్రష్ తప్ప ఏమీ వద్దు. బ్రేకు పైపుల తుప్పు తీయడమే ఉండదు, కొత్తవి వేయాలి.

పద్ధతి ఏదైనా దానికి ముందు జిడ్డు వదిలించాలి. గ్రీజు ఉన్నచోట ఏ ద్రావణమూ పనిచేయదు. కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో బ్రష్ వేసి కడిగి, తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్, వేడినీళ్ళతో ఇంకోసారి కడగండి. నీళ్ళు చుక్కలుగా విడిపోకుండా పల్చటి పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు.

నిమ్మ ఉప్పు స్నానం ఎలా తయారుచేయాలి?

నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ యాసిడ్. కిరాణా కొట్టులో చిన్న పొట్లాలు దొరుకుతాయి, కెమికల్ దుకాణాల్లో కిలోల లెక్కన తక్కువ ధరకు వస్తుంది. ఉత్త నిమ్మ ఉప్పు నీళ్ళు, అంటే లీటరుకు 50 నుంచి 100 గ్రాములు, పనిచేస్తాయి గానీ తుప్పుతో పాటు మంచి ఇనుమును కూడా కొంచెం కొంచెంగా తింటాయి. మర్చిపోయి రెండు రోజులు వదిలేస్తే భాగం నల్లబడి, గరుకుగా తేలుతుంది.

దీనికంటే మంచి మిశ్రమం ఒకటుంది. లీటరు నీళ్ళకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు, సుమారు 60 గ్రాముల సోడా యాష్ (పొడి సోడియం కార్బొనేట్), కొన్ని చుక్కల గిన్నెల లిక్విడ్. 20 లీటర్ల బకెట్‌కు 2 కిలోలు, 1.2 కిలోలు అవుతాయి. నిమ్మ ఉప్పు పూర్తిగా కరిగాక సోడా చెంచా చెంచాగా వేయాలి. ఒక్కసారి కుమ్మరిస్తే నురగ పొంగి బకెట్ దాటుతుంది. పొడి సోడా యాష్ కాకుండా స్ఫటికాలుగా ఉండే చాకలి సోడా దొరికితే, దాని బరువులో సగానికి పైగా నీరే ఉంటుంది కాబట్టి రెండున్నర రెట్లకు పైగా పడుతుంది. పీహెచ్ పట్టీ ముంచి చూస్తే 5కీ 6కీ మధ్య ఉండాలి. ఇలా పులుపు చంపిన ద్రావణం తుప్పును కరిగిస్తుంది, మంచి ఇనుమును చాలావరకు వదిలేస్తుంది.

ప్లాస్టిక్ బకెట్ వాడండి. భాగం పూర్తిగా మునగాలి, లేకపోతే నీటి మట్టం దగ్గర గీత పడుతుంది. పల్చటి తుప్పుకు 3, 4 గంటలు, మందపాటి పెచ్చులకు ఒక రాత్రి. మధ్యలో రెండుసార్లు తీసి ఇత్తడి బ్రష్‌తో రుద్దితే సమయం సగానికి తగ్గుతుంది. అల్యూమినియం, జింకు పూత ఉన్న భాగాలు, మజాక్ (జింకు మిశ్రమ లోహం) పోత హ్యాండిళ్ళు ఇందులో వేయకండి.

తీసిన వెంటనే మంచినీళ్ళతో కడిగి, లీటరుకు ఒక చెంచా సోడా కలిపిన నీళ్ళలో ముంచి, మళ్ళీ కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తోనో హీట్ గన్‌తోనో ఆరబెట్టండి. ఎండలో పెట్టి వదిలేస్తే ఆరేలోపే పసుపు రంగు పొర కమ్ముతుంది. అది కొత్త తుప్పే. ఆరిన గంటలోపు ప్రైమరో నూనో పడాలి. తుప్పు తీయడం అందరూ ఓపిగ్గానే చేస్తారు. పని పాడయ్యేది ఈ గంటలోనే.

చింతపండు, వెనిగర్ పనికిరావా?

వస్తాయి, మెల్లగా. వెనిగర్‌లో ఉండేది సుమారు 5 శాతం యాసిడ్, చిన్న బోల్టులకు ఒక రోజు పడుతుంది. చింతపండులోని టార్టారిక్ యాసిడ్ ఇత్తడి బిందె తోమడానికి దివ్యమైనది గానీ, కారు భాగానికి సరిపడా చింతపండు ఖర్చుకంటే నిమ్మ ఉప్పే చౌక.

బాత్రూమ్ యాసిడ్ పది నిమిషాల్లో తుప్పు తీసేస్తుంది కదా, ఎందుకు వద్దంటారు?

తీసేస్తుంది, నిజమే. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. దానిలోని క్లోరైడ్ రేకు మడతల్లోకి, స్పాట్ వెల్డింగ్ చేసిన జాయింట్ల మధ్యకి దిగి అక్కడే ఉండిపోతుంది. ఎంత కడిగినా పూర్తిగా రాదు. గాలిలోని తేమ తగలగానే అక్కడ మళ్ళీ మొదలవుతుంది, ఈసారి ముందుకంటే వేగంగా. పైన వేసిన ఖరీదైన రంగు ఏడాది తిరిగేలోపు జాయింట్ల వెంబడి గీత గీసినట్టు లేస్తుంది. పైగా ఆ ఆవిరికి అదే షెడ్డులో ఉన్న పానాలూ, మిగతా పనిముట్లూ తుప్పు పడతాయి. బాడీ మీద దీన్ని అస్సలు వాడకండి.

ఎలక్ట్రాలసిస్ ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. బ్రేకు డ్రమ్ము, జాకీ, మానిఫోల్డ్ లాంటి బరువైన భాగాలకు ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు. కావలసినవి: ప్లాస్టిక్ టబ్బు, లీటరుకు 5 గ్రాముల చొప్పున సోడా యాష్, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్, ఇళ్ళు కట్టేటప్పుడు మిగిలిన ఇనుప చువ్వలు.

చువ్వలు టబ్బు గోడల వెంబడి నాలుగు వైపులా నిలబెట్టి, వైరుతో అన్నీ కలిపి ఛార్జర్ ప్లస్‌కు ఇవ్వండి. తుప్పు భాగాన్ని మధ్యలో చువ్వలకు తగలకుండా వేలాడదీసి మైనస్‌కు ఇవ్వండి. తిరగబడితే మీ భాగమే కరిగిపోతుంది కాబట్టి స్విచ్ వేసేముందు రెండుసార్లు చూడండి. భాగం చుట్టూ సన్నటి బుడగలు వస్తే పని జరుగుతున్నట్టు. 2 నుంచి 10 ఆంపియర్లు చాలు. కరెంటు చువ్వకు ఎదురుగా ఉన్న వైపే బాగా పనిచేస్తుంది, అందుకే నాలుగు వైపులా చువ్వలు. ఒక రాత్రి తర్వాత తుప్పు నల్లటి మడ్డిగా మారి బ్రష్‌కు ఊడిపోతుంది.

చేయకూడనివి గట్టిగా చెప్పాలి. స్టీలు గరిటె, స్టీలు పళ్ళెం ప్లస్ వైపు పెట్టకండి. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం విషపూరిత రూపంలో నీళ్ళలో కలుస్తుంది. సోడా బదులు ఉప్పు వేయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, మూసిన గదిలో చేయకండి, కరెంటు ఉండగా క్లిప్పులు ఊడదీయకండి. కొత్త రకం స్మార్ట్ ఛార్జర్లు బ్యాటరీ కనపడకపోతే కరెంటు ఇవ్వవు. అప్పుడు ఛార్జర్‌ను ఒక పాత బ్యాటరీకి తగిలించి, ఆ బ్యాటరీ నుంచి టబ్బుకు వైర్లు తీయాలి.

గ్రైండర్‌కు వైర్ కప్ బ్రష్ పెట్టి గీకితే నిగనిగలాడుతోంది. అది సరిపోదా?

నిగనిగలే మోసం. తిరిగే వైరు తుప్పును పూర్తిగా తీయకుండా గుంటల్లోకి రుద్ది మెరుపు పట్టిస్తుంది. టార్చి పక్కనుంచి వేసి చూస్తే గుంటల్లో గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కల మీద ఫాస్ఫారిక్ యాసిడ్ రుద్ది, 15 నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, కడిగి తుడిస్తే గానీ పని పూర్తి కాదు. రేకు మీద గ్రైండింగ్ రాయి మాత్రం పెట్టకండి. తుప్పుకంటే వేగంగా అదే రేకును పల్చన చేస్తుంది.

100 మి.మీ. గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. బ్రష్ మీద రాసిన వేగం అంతకంటే తక్కువైతే వైర్లు ఊడి సూదుల్లా ఎగురుతాయి. కళ్ళద్దాలు చాలవు, ముఖమంతా కప్పే షీల్డు పెట్టుకోండి.

శాండ్ బ్లాస్టింగ్‌కు బాడీ మొత్తం ఇచ్చేయవచ్చా?

ఇచ్చేముందు ఆ చేసేవాళ్ళు ఇంతకుముందు కారు రేకులు చేశారా అని అడగండి. గేట్లు, గడ్డర్లు చేసే ఒత్తిడితో బానెట్ మీద కొడితే అది అలలు తిరుగుతుంది. దానికి వేడికంటే పెద్ద కారణం రేణువుల దెబ్బలు. ఒక వైపు పొర సాగిపోయి రేకు ఉబ్బుతుంది, అది మళ్ళీ చదును కాదు. పెద్ద చదునైన రేకులకు ఒత్తిడి 40 పీఎస్‌ఐ లోపు, నాజిల్ వాలుగా, చేయి ఒక చోట ఆగకుండా ఉండాలి. మామూలు ఇసుక వద్దు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. గార్నెట్, అల్యూమినియం ఆక్సైడ్, గాజు పూసలు వాడేవాళ్ళను వెతకండి. సిల్ లోపలికి చేరిన రేణువులను గాలితో ఊది, వ్యాక్యూమ్‌తో లాగి తీయించాలి. లేకపోతే అవే తేమ పట్టుకుని కూర్చుంటాయి.

రస్ట్ కన్వర్టర్ నిజంగా పనిచేస్తుందా?

పల్చగా, గట్టిగా అంటుకుని ఉన్న తుప్పు మీద పనిచేస్తుంది. పెచ్చుల మీద పనిచేయదు.

ఎక్కువ కన్వర్టర్లలో ఉండేది టానిన్. అది తుప్పుతో కలిసి నల్లటి, నీళ్ళకు కరగని పొరగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత పుట్టేదీ ఈ రసాయనంతోనే. కరక్కాయ పొడి కలిపిన పాలలో నానిన గుడ్డ మీద, తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో ఊరిన ద్రావణంతో గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్, ద్రావణంలోని ఇనుము కలవడమే అది. గుడ్డ మీద ఏళ్ళ తరబడి నిలిచే నలుపే కారు రేకు మీద కాపుగా ఉంటుంది. కానీ టానిన్‌కు ఇనుము అందాలి. పెచ్చు మీద పూస్తే పెచ్చు పైభాగం నల్లబడుతుంది, అడుగున తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

కాబట్టి ముందు వదులుగా ఉన్నదంతా గీకేయండి. నీడలో, పల్చగా రెండు పూతలు వేయండి. డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి. యాసిడ్ ఉన్న కన్వర్టర్ మీద ఎపాక్సీ ప్రైమర్ సరిగా అంటకపోవచ్చు కాబట్టి రెండు డబ్బాల మీదా రాసింది చదివాకే కలపండి. చేయి పట్టని మూలలకు, విప్పడం కుదరని జాయింట్లకు కన్వర్టర్ మంచి ఉపాయం. విప్పి తీయగలిగిన భాగానికి దీన్ని వాడటం బద్ధకమే.

బిగుసుకుపోయిన నట్లు విరగకుండా ఎలా తీయాలి?

ముందు సైజు. పాత అంబాసిడర్ నట్లు చాలావరకు అంగుళాల లెక్క, పద్మినివి మిల్లీమీటర్ల లెక్క. అర అంగుళం నట్టు 12.7 మి.మీ., దానికి 13 పానా పెట్టి బలం వేస్తే మూలలు గుండ్రమవుతాయి. ఆరు మూలల సాకెట్ వాడండి, పన్నెండు మూలలది వద్దు.

బయటికి కనిపించే మరలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, ఆటోమేటిక్ గేరు నూనె, అసిటోన్ సమపాళ్ళలో కలిపి వేయండి. రెండూ విడిపోతుంటాయి, ప్రతిసారీ ఊపాలి. సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి, అలా రెండు రోజులు. మధ్యలో బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు. తర్వాత ముందు కాస్త బిగించే వైపు తిప్పండి. టక్కుమని కదిలితే అప్పుడు విప్పే వైపు పావు చుట్టు, మళ్ళీ వెనక్కి, నూనె, మళ్ళీ పావు చుట్టు. ఆగకుండా విప్పితే తుప్పు పొడి మరల్లో ఇరుక్కుని మధ్యలో విరుగుతుంది.

అప్పటికీ రాకపోతే వేడి. గ్యాస్ మంటతో నట్టును ఎర్రబడే దాకా కాల్చి, కాస్త చల్లారాక కొవ్వొత్తి ఆనించండి. మైనం కరిగి మరల్లోకి దిగుతుంది. అసిటోన్ వేసినచోట అది పూర్తిగా ఆవిరయ్యేదాకా మంట పెట్టకండి. పెట్రోల్ ట్యాంకు, పైపులు, బ్రేకు గొట్టాలు, రబ్బరు బుష్షుల దగ్గర మంట మాట తలపెట్టకండి. అక్కడ నట్టును ఉలితోనో నట్ స్ప్లిటర్‌తోనో చీల్చి పారేయడమే మంచిది. నట్టు ఖరీదు ఎంత!

కమాన్లు, టార్షన్ బార్లు శుభ్రం చేయడంలో ప్రత్యేకత ఏమిటి?

టార్షన్ బార్ అంటే మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ. ఇవి రెండూ గట్టిపరిచిన ఉక్కు. యాసిడ్‌లో గానీ ఎలక్ట్రాలసిస్‌లో గానీ పెడితే హైడ్రోజన్ లోపలికి చొరబడి ఉక్కును పెళుసు చేస్తుంది. చూడటానికి కొత్తదానిలా మెరిసి, గుంతలో పడగానే విరుగుతుంది. అంబాసిడర్ ముందు టార్షన్ బార్‌కు చేత్తో వైర్ బ్రష్, సన్నటి ఎమరీ పేపర్ చాలు. బార్ వెంబడి పొడవుగానే రుద్దండి, అడ్డగీతలు పడితే పగులు అక్కడే మొదలవుతుంది. లోతు గుంటలు కనిపిస్తే మార్చేయాలి. దాని మీద వెల్డింగ్ మచ్చ కూడా పడకూడదు.

కమాన్ కట్ట విప్పేటప్పుడు సెంటర్ బోల్టుకు రెండు పక్కలా క్లాంపులు బిగించాకే బోల్టు తీయండి. పట్టీలు ఎగిరితే వేళ్ళు పోతాయి. పట్టీల మధ్య తుప్పు తీసి, ప్రైమర్ వేసి, గ్రాఫైట్ గ్రీజు రాసి, మళ్ళీ అదే వరసలో కట్టండి. యూ-బోల్టులు కొత్తవే వేయాలి.

బ్రేకు భాగాలు?

డ్రమ్ము బయటి వైపు ఎలా కావాలంటే అలా శుభ్రం చేసుకోండి. లోపలి వైపు టర్నింగ్ పని, కొలత దాటితే మార్చాలి. వీల్ సిలిండర్ లోపల గుంటలుంటే ఎమరీ రుద్ది కొత్త కిట్ వేయడం ప్రాణాలతో ఆట. గుంటల మీద రబ్బరు వాషర్ అరిగి వారాల్లో లీకవుతుంది. తుప్పు పట్టిన పైపుల స్థానంలో కొత్త స్టీలు పైపులో కాపర్-నికెల్ పైపులో వేయాలి, వట్టి రాగి పైపులు వద్దు, అదురుకు గట్టిపడి పగులుతాయి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును కంప్రెసర్‌తో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

పెట్రోల్ ట్యాంకు లోపల తుప్పు పొడి రాలుతోంది. ఎలా?

ట్యాంకు కిందికి దించాలి, తప్పదు. కారులో ఉండగా చేసే చిట్కాలన్నీ పొడిని కార్బొరేటర్‌లోకి తోలేవే. పెట్రోల్ పూర్తిగా తీసి, గేజీ యూనిట్ విప్పి, సబ్బు వేడినీళ్ళతో మూడు నాలుగు సార్లు కడగండి. వాసన పోయిందని గ్రైండర్ గానీ వెల్డింగ్ గానీ దగ్గరికి తేకండి. ఖాళీ ట్యాంకు నిండిన ట్యాంకుకంటే ప్రమాదం, ఎందుకంటే పేలేది పెట్రోల్ ఆవిరి. చిల్లులు అతికించే పని రేడియేటర్, ట్యాంకు పనులు మాత్రమే చేసేవాళ్ళకు ఇవ్వండి.

కడిగాక రెండు గుప్పిళ్ళ చిన్న నట్లు (లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి) వేసి పది నిమిషాలు అటూ ఇటూ ఊపి, రాలినదంతా పారబోయండి. తర్వాత పైన చెప్పిన సోడా కలిపిన నిమ్మ ఉప్పు ద్రావణం అంచుదాకా నింపి ఒక రోజు ఉంచాలి. అంబాసిడర్ ట్యాంకు 54 లీటర్లు కాబట్టి 5 కిలోల పైన నిమ్మ ఉప్పు పడుతుంది. ఖర్చు తగ్గాలంటే మూడో వంతు నింపి, పూటకో వైపు తిప్పి పెట్టండి. ఖాళీ చేశాక సోడా నీళ్ళు, మంచినీళ్ళు, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక లీటరు వేసి ఊపి పారబోస్తే మిగిలిన నీరు దానితో పోతుంది. ఆరగానే కొంచెం ఇంజిన్ ఆయిల్ కలిపిన పెట్రోల్‌తో లోపలంతా తడపండి.

ట్యాంకు సీలర్ వేయాలంటే ఇథనాల్‌కు తట్టుకునేదే కొనండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్. పాతరకం సీలర్లు దానికి మెత్తబడి పొరలుగా ఊడి పైపుకు అడ్డుపడతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలబడే కారు ట్యాంకు మళ్ళీ తుప్పు పట్టడానికి అదొక కారణం. రబ్బరు గొట్టాలు కూడా ఇథనాల్‌కు పనికొచ్చేవి మార్చుకోండి.

బంపర్ క్రోమ్ మీద గోధుమ రంగు చుక్కలు?

వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండచేసి, నీళ్ళలో ముంచి రుద్దండి. అల్యూమినియం క్రోమ్‌కంటే మెత్తన, గీతలు పడవు. తర్వాత కడిగి మైనం రాయండి. క్రోమ్ పొర చాలా పల్చన, దాని సన్న రంధ్రాల్లోంచి తుప్పు వస్తుంది. కాబట్టి మైనం ఆరు నెలలకోసారి రాస్తూ ఉండాలి, వెనక వైపు జింక్ ప్రైమర్ వేయాలి. పొర లేచి పెచ్చులూడితే రుద్దడం దండగ, రీప్లేటింగ్‌కి ఇవ్వాల్సిందే.

సిల్, ఫ్లోర్ తినేసింది. వెల్డింగ్‌లో ఏం చూసుకోవాలి?

కోసేముందు కట్టుదిట్టం. తలుపులు బిగించి ఉండగానే, తలుపు ఖాళీలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి 25 మి.మీ. చదరపు పైపు అడ్డంగా తాత్కాలికంగా అతికించండి. తలుపు చుట్టూ సందు కొలిచి రాసుకోండి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. రెండు సిల్‌లూ ఒకేసారి కోస్తే కారు మధ్యలో కుంగుతుంది, తర్వాత ఏ తలుపూ సరిగా పడదు.

మెరిసే, పూర్తి మందం ఉన్న రేకు వచ్చేదాకా కోయాలి. తుప్పు అంచుకు వెల్డింగ్ నిలవదు, చిల్లులు పెద్దవవుతూ పోతాయి. సిల్‌కు 1.2 మి.మీ., అంటే 18 గేజ్, సీఆర్ (కోల్డ్ రోల్డ్, పూత లేని) షీట్ వాడండి. జింకు పూత ఉన్న జీఐ రేకు తెచ్చి అతికిస్తే వెల్డింగ్ పొగకు జ్వరం వస్తుంది, అతుకూ బుడగలు పడుతుంది. యంత్రం మిగ్, వైరు 0.8 మి.మీ., గ్యాసు ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం. ముందు అంగుళానికొక చుక్క, తర్వాత ఆ చుక్కల మధ్య ఇంకో చుక్క, ఒకసారి ఈ చివర ఒకసారి ఆ చివర. గీతలా ఏకబిగిన లాగితే రేకు వంకరపోతుంది. మామూలు రాడ్డు వెల్డింగ్ ఈ రేకును చిల్లులు చేస్తుంది.

బ్యాటరీ తీసేయండి, కార్పెట్, సీట్లు తీసేయండి, వెనక భాగంలో పనైతే ట్యాంకు దించేయండి. పక్కన మంటలార్పే సిలిండర్‌తో ఒక మనిషి నిలబడాలి.

చిల్లు మీద రేకు ముక్క రివెట్లు కొట్టి పుట్టీ పూయడం ఎక్కడైనా చూస్తే, దాన్ని మరమ్మతు అనకండి. అక్కడ బరువు మోసేది ఏమీ లేదు.

రెడ్ ఆక్సైడ్ వేయాలా, ఎపాక్సీ ప్రైమరా?

ఎపాక్సీ. కిటికీ చువ్వలకు వేసే రెడ్ ఆక్సైడ్ పొర తేమను లోపలికి రానిస్తుంది, పైన రంగు త్వరగా పడకపోతే కింద తుప్పు మళ్ళీ మొదలవుతుంది. పైగా కారు రంగుల థిన్నర్ తగిలితే ముడతలు పడుతుంది. ఎపాక్సీ రెండు డబ్బాలుగా వస్తుంది. చెప్పిన పాళ్ళలో కలిపి, డబ్బా మీద రాసినంత సేపు నిలవుంచి, రెండు పూతలు కొట్టండి. పుట్టీ ఈ ప్రైమర్ పైనే, మహా అయితే 3 మి.మీ. మందం. పుట్టీ స్పాంజిలా నీళ్ళు పీలుస్తుంది. వట్టి రేకు మీద పూస్తే కిందినుంచి లేస్తుంది.

తీరప్రాంతంలో సాయంత్రాలు ప్రైమర్ కొట్టకండి. రేకు చల్లబడి కంటికి కనపడని మంచు పొర పడుతుంది. పొద్దున పదకొండు నుంచి మూడు మధ్య, వాన లేని రోజు చూసుకోండి.

కారు కింద కాలిన ఇంజిన్ ఆయిల్ కొట్టించడం మంచిదేనా?

పాతకాలపు అలవాటు. కాలిన నూనెలో యాసిడ్లు పుట్టి ఉంటాయి, సస్పెన్షన్ రబ్బరు బుష్షులు ఉబ్బి మెత్తబడతాయి, బ్రేకు లైనింగ్‌కు తగిలితే బ్రేకు జారుతుంది. దాని బదులు సిల్, తలుపుల లోపలి ఖాళీల్లోకి క్యావిటీ వ్యాక్స్ కొట్టించండి. పొడవాటి గొట్టం చివర చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్నది కావాలి. వెల్డింగ్, రంగు అన్నీ అయ్యాకే కొట్టాలి, తర్వాత నీళ్ళు పోయే రంధ్రాలను తీగతో పొడిచి తెరవాలి. తుప్పు మీదే తారు పూత కొట్టించడం ఇంకా చెడ్డది. అది ఎండి పగిలాక నీళ్ళు లోపలికి పోతాయి, బయటికి రావు. డబ్ల్యూడీ-40 తడి తరమడానికి బాగుంటుంది, నెలల తరబడి కాపాడదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్ళలో అదనంగా ఏం చేయాలి?

ఉప్పుగాలి రేకు మీద ఉప్పు పొర పరుస్తుంది, ఆ పొర గాలిలోని తేమను పీల్చి రేకును ఎప్పుడూ తడిగా ఉంచుతుంది. భీమిలి వైపు బీచ్ రోడ్డు మీద తిరిగి వచ్చిన రోజు మంచినీళ్ళ పైపుతో కారు అడుగు కడగండి. పైభాగం కడగకపోయినా పరవాలేదు. ప్లాస్టిక్ కవరు కప్పకండి, లోపల ఆవిరి పట్టి అద్దాల బీడింగ్ కింద నీరు చేరుతుంది. గాలి ఆడే గుడ్డ కవరు మేలు. గడ్డి మీద, మట్టి నేల మీద నిలపకండి. వానాకాలం ముందు తలుపు, సిల్ రంధ్రాలు తెరిచి చూడండి, వానాకాలం తర్వాత కార్పెట్ మొత్తం తీసి ఎండలో వేయండి. హైదరాబాద్‌లో ఇంత అవసరం లేదు గానీ కార్పెట్ సంగతి అక్కడా వర్తిస్తుంది.

ఛాసిస్ నంబర్ మీదే తుప్పు పట్టింది. గీకవచ్చా?

గ్రైండర్, వైర్ బ్రష్, బ్లాస్టింగ్ ఏదీ వద్దు. ఒక అంకె చెరిగినా నంబర్ మార్చారన్న అనుమానం మీమీద పడుతుంది. పని మొదలుపెట్టేముందు ఫొటోలు తీసుకుని, పెన్సిల్ అచ్చు తీసి పెట్టుకోండి. నిమ్మ ఉప్పు ద్రావణంలో తడిపిన దూదిని దాని మీద పరిచి, పైన ప్లాస్టిక్ అతికించి, గంటకోసారి తీసి నైలాన్ బ్రష్‌తో మెల్లగా రుద్దండి. తర్వాత కడిగి, ఆరబెట్టి, రంగు లేని లక్క పల్చగా వేయండి. మిగతా బాడీ బ్లాస్టింగ్‌కి వెళ్ళేటప్పుడు ఆ చోట మందపాటి టేపు నాలుగు పొరలు వేసి పంపాలి. నంబర్ ఇప్పటికే చదవలేనట్టు ఉంటే ముందు ఆర్టీఓ ఆఫీసుకు వెళ్ళి మాట్లాడండి, తర్వాతే పని.

సిల్ మార్చితే వింటేజ్ రిజిస్ట్రేషన్ పోతుందా?

2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం 50 ఏళ్ళు దాటిన, అసలు రూపంలో ఉన్న కార్లకు వీఏ అక్షరాలున్న నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. కాబట్టి తుప్పు పోయిన రేకు స్థానంలో అదే ఆకారం, అదే మడతలతో రేకు వేయించండి. సౌకర్యం కోసం ఆకారం మార్చకండి. కోసే ముందు, కోశాక, అతికించాక తీసిన ఫొటోలు తేదీలతో దాచండి. తీసేసిన పాత ముక్కను కూడా తనిఖీ అయ్యేదాకా పారేయకండి.